యాభయ్యో లైను
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు ఫోన్ చేసి "ఏదైనా పనికొచ్చే సంగతి చెప్పండి, పది నిమిషాలు" అన్నారు. ఆ పది నిమిషాలు అన్నమాట వినగానే నాకు నవ్వొచ్చింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి 2020లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఇంజినీరును కాను. మన బ్యాచ్‌ల్లో నాకంటే కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లు హైదరాబాదులోనూ అమెరికాలోనూ బోలెడుమంది ఉన్నారు. వాళ్లు నా తప్పులు మన్నించాలి.

1937లో వేసవి రాజకీయ పాఠశాల పెట్టి, ప్రభుత్వ నిషేధం చవిచూసిన ఊరు మన కొత్తపట్నం. చదువుకోవాలంటే తలుపు ముందు నిలబడి అడగాల్సి వస్తుందని మన ఊరికి ఎప్పుడో తెలుసు. నా కథ కూడా ఒక తలుపు దగ్గరే మొదలవుతుంది.

మనవాళ్లు చాలామంది మర్చిపోయారు గాని, 1984-85లో కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం పెట్టింది. బడిపిల్లలకి కంప్యూటర్ అంటే ఏమిటో చూపించడం దాని ఉద్దేశం. మొదట దేశం మొత్తం మీద సుమారు 250 బళ్లని ఎంచుకుని బీబీసీ మైక్రో అనే యంత్రాలు ఇచ్చారు. ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన యంత్రం అది. మన దేశంలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ దాన్నే ‘యూనికార్న్’ పేరుతో ఇచ్చింది. దాని మెమరీ 32 కిలోబైట్లు. ఇవాళ మీరు వాట్సాప్‌లో పంపుకునే ఒక్క శుభోదయం బొమ్మ కూడా అందులో పట్టదు.

మన బడికి ఆ యంత్రం రాలేదు. ఒంగోలులో ఒక బడికి వచ్చింది. మన లెక్కల మాస్టారు అక్కడికి వెళ్లి, వాళ్లనీ వీళ్లనీ బతిమాలి, శనివారం మధ్యాహ్నం మన పిల్లలు ఐదుగురికి అనుమతి సంపాదించారు. తలుపుకి తాళం, యంత్రం మీద ముఖమల్ గుడ్డ, బయట చెప్పులు విప్పాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు. అందుకని మాస్టారు వారమంతా మన బళ్లో నల్లబల్ల మీద బేసిక్ భాష చెప్పేవారు. మేం రూళ్ల నోటుబుక్కులో ప్రోగ్రాం రాసుకుని, శనివారం బస్సెక్కి వెళ్లి దాన్ని టైపు చేసేవాళ్లం. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ నేర్చుకున్న బ్యాచ్ మాది.

ఆ ఏడు మా నాయన మిరప వేశాడు. సముద్రం ఒడ్డు ఇసక నేలలో మాకు వచ్చేది వేరుశనగే. ఆశపడి పైఊళ్లో నల్లరేగడి రెండెకరాలు కౌలుకి తీసుకున్నాడు. కాయలు గుంటూరు తీసుకెళ్లి అమ్మి, ఒక పట్టీ కాగితం జేబులో పెట్టుకొచ్చాడు. పన్నెండు టిక్కీలు, టిక్కీకి నికరం 40 కిలోలు, టిక్కీకి కిలో తరుగు, క్వింటా 900, కమిషన్ నూటికి మూడు, హమాలీ టిక్కీకి రెండు రూపాయలు. చేతికి వచ్చింది 3956 రూపాయల 88 పైసలు. "ఏదో తగ్గినట్టుందిరా" అన్నాడు నాయన. ఆయనకి చదువు లేదు గాని నోటి లెక్క బాగా వచ్చు. నేను కాగితం మీద వేస్తే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి వచ్చింది. "కంప్యూటర్‌లో వేసి చెప్తాను నాయనా" అన్నాను.

ఎనిమిది లైన్ల ప్రోగ్రాం రాసుకున్నాను. శనివారం వెళ్లాను. రెండు వేళ్లతో టైపు చేసేసరికి ఏడు నిమిషాలయింది. ‘రన్’ కొట్టాను. అన్నీ అడిగింది, అన్నీ ఇచ్చాను. యాభయ్యో లైనులో తప్పుంది అని చెప్పి ఆగిపోయింది. మళ్లీ చూశాను. లైను సరిగ్గానే ఉంది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే మాట. "టైమయింది, లెగు" అన్నారు. లేచాను. ఆ తర్వాత శనివారం నుంచి మాకు అనుమతి లేదన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

నాయన సాయంత్రం అడిగాడు. "కరెంటు పోయింది" అని అబద్ధం చెప్పాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

పదవీ విరమణ తర్వాత ఇల్లు సర్దుతుంటే ఆ నోటుబుక్కు దొరికింది. యంత్రం లేదు, ఆ కాలం యంత్రాలు ఎక్కడున్నా ఉప్పుగాలికో చెమ్మకో పాడైపోయి ఉంటాయి. అప్పుడు మా అబ్బాయి చెప్పాడు, ఎమ్యులేటర్ అనేది ఒకటుందని. మన పగటివేషగాళ్లని గుర్తు తెచ్చుకోండి. వేషం ఒక్కటే కాదు, నడక, మాట, కోపం అన్నీ ఆ మనిషివే తెచ్చి చూపిస్తారు. ఎమ్యులేటర్ అలాంటిదే. ఇప్పటి కంప్యూటర్‌కి పాత కంప్యూటర్ వేషం కట్టిస్తుంది.

నేను వాడింది ‘మేమ్’ అనే ఉచిత ప్రోగ్రాం. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టారు. ముందు అది రూపాయి బిళ్ల వేసి ఆడే వీడియో గేమ్ పెట్టెల కోసం పుట్టింది. పాత కంప్యూటర్ల కోసం ‘మెస్’ అని వేరేది ఉండేది. 2015లో రెండూ కలిసిపోయాయి. కాబట్టి ప్యాక్‌మ్యాన్ ఆడే పెట్టెకీ, మన బీబీసీ మైక్రోకీ ఇప్పుడు వేషం కట్టేది ఒకటే ప్రోగ్రాం.

దీనితో ఒక చిక్కుంది. నేరుగా తెరిస్తే యంత్రాల పేర్ల జాబితా చూపిస్తుంది గాని, మనక్కావలసినట్టు పనిచెయ్యాలంటే నల్లతెర మీద ఆజ్ఞ టైపు చెయ్యడం నేర్చుకోవాలి. మొదట ‘మేమ్’, తర్వాత యంత్రం పేరు ‘బీబీసీబీ’, ఆ తర్వాత ఒక్కో కోరికకి ముందు చిన్న అడ్డగీత పెట్టి రాయాలి. వాటినే ఆప్షన్లు అంటారు. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి. హోటల్‌కి వెళ్లి "దోసె" అంటే దోసె వస్తుంది. "దోసె, నూనె తక్కువ, ఉల్లిపాయ వద్దు, కారప్పొడి చల్లి" అంటే మీ దోసె వస్తుంది. అంతే తేడా.

నేను పడ్డ కష్టాలు వరసగా చెప్తాను. మీరు పడక్కర్లేదు.

మొదటిది రోమ్‌లు. పాత యంత్రం చిప్పుల్లో ఉన్న సమాచారాన్ని రోమ్ అంటారు. మేమ్‌తో పాటు అవి రావు. వాటి హక్కులు తయారీదార్లవి. కనబడినచోటల్లా దింపుకోవడం సరికాదు. నాకు ఒక మిత్రుడు తన దగ్గరున్న పాత యంత్రం చిప్పుల నుంచి తీసి ఇచ్చాడు. ఆటలు కావాలంటే, హక్కుదార్లే ఉచితంగా వదిలిన ‘గ్రిడ్లీ’ లాంటివి మేమ్ వాళ్ల దగ్గరే ఉన్నాయి. రోమ్‌లు జిప్ ఫైలుగానే ‘రోమ్స్’ అనే ఫోల్డర్లో పెడితే చాలు, విప్పక్కర్లేదు. నేను విప్పాను. ఫైళ్లు లేవని మొండికేసింది. సర్దాక కూడా అదే మాట. ‘-వెరిఫైరోమ్స్’ అని అడిగితే ఏ ఫైలు తక్కువో పేరుతో సహా చెప్పింది. అక్షరాలు చూపించే చిప్ ఒకటి వేరే ఉంది, దాని జిప్ కూడా ఉండాలి. ఆ ఒక్క ఆప్షన్ ముందే తెలిసుంటే నాకు మూడు రాత్రుల నిద్ర మిగిలేది.

రెండోది అడ్డగీత. మా అబ్బాయి ఆజ్ఞని వాట్సాప్‌లో పంపాడు. అక్కడి నుంచి తెచ్చి అతికించాను. పనిచెయ్యలేదు. పంపేటప్పుడు ఫోను తెలివి చూపించి చిన్న అడ్డగీతని పొడుగు గీతగా మార్చింది. మన కంటికి రెండూ గీతలే. యంత్రానికి కాదు. అందుకే ఆజ్ఞ చేత్తో టైపు చెయ్యండి.

మూడోది తెర. ఏమీ చెప్పకపోతే తెరంతా ఆక్రమిస్తుంది, పక్కన నోటుబుక్కు ఫొటో పెట్టుకుని చూసి టైపు చెయ్యడం కుదరదు. ‘-విండో’ అంటే కిటికీ అంత అవుతుంది. ‘-స్కిప్_గేమ్‌ఇన్ఫో’ అంటే మొదట్లో వచ్చే యంత్రం వివరాల పేజీ రాకుండా నేరుగా పనిలోకి దిగుతుంది.

నాలుగోది మీటలు. ఇది అందరినీ ఏడిపిస్తుంది. బీబీసీ మైక్రోలో కొటేషన్ గుర్తు షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే వస్తుంది. మన కీబోర్డులో అది వేరే చోట ఉంది. మేమ్ మామూలుగా మీట ఉన్న చోటు చూస్తుంది గాని, దాని మీద ఏం అచ్చయిందో చూడదు. నేను కొటేషన్ నొక్కితే ఇంకేదో పడేది. ‘-నేచురల్’ అని పెడితే మనం నొక్కిన గుర్తే వెళ్తుంది. అలాగే ఇది కంప్యూటర్ వేషం కాబట్టి మీటలన్నీ లోపలి యంత్రానికే పోతాయి, మేమ్ సొంత మెనూ రాదు. స్క్రోల్ లాక్ నొక్కితే మెనూ మీటలు పనిచేస్తాయి. మళ్లీ నొక్కితే ఆగుతాయి. ల్యాప్‌టాప్‌లో స్క్రోల్ లాక్ లేకపోతే ‘-యూఐమోడ్‌కీ’ తో వేరే మీట ఇచ్చుకోవచ్చు. ఇది తెలియక నేను రెండుసార్లు కంప్యూటర్ ఆపేసి మళ్లీ వేశాను.

ఐదోది టేపు. మాస్టారూ, ఇది మీ వల్ల వచ్చిన కష్టం. పోయిన సంక్రాంతికి మీ ఇంటికొస్తే ట్రంకు పెట్టెలోంచి, కలరా ఉండల వాసనతో ఒక క్యాసెట్ తీసి ఇచ్చారు. ఆ రోజుల్లో ప్రోగ్రాం దాచుకోవడానికి మామూలు పాటల క్యాసెట్టే వాడేవాళ్లు. దాన్ని టేప్ రికార్డర్లో వేస్తే కీచుమని శబ్దం వస్తుంది. ఆ శబ్దమే ప్రోగ్రాం. ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసి ఆ ఫైలుని ‘-క్యాస్’ పక్కన ఇచ్చాను. ఏ యంత్రానికి ఏది తగిలించవచ్చో తెలియకపోతే ‘-లిస్ట్‌మీడియా’ అని అడగండి. క్యాసెట్‌కి ‘-క్యాస్’, డిస్కుకి ‘-ఫ్లాప్1’ అని అదే చెప్తుంది. లోపల టేపు వాడమని చెప్పి, మెనూలో టేపు ఆడించాలి. ‘సెర్చింగ్’ అంది, ‘లోడింగ్’ అంది. నా చేతులు వణికాయి. కాసేపటికి టేపు వెనక్కి తిప్పమంది. రికార్డు చేసిన శబ్దం చిన్నదయితే అలా అవుతుంది. శబ్దం పెంచి మళ్లీ రికార్డు చేశాను. టేపులో ప్రోగ్రాం 256 బైట్ల చొప్పున ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కనీ యంత్రం సరిచూసుకుంటుంది. నాలుగు ముక్కలు వచ్చాయి. ఐదో ముక్క దగ్గర టేపు నలిగిపోయి ఉంది. సగం దొరికింది మాస్టారూ, మిగతా సగం మీరు మళ్లీ చెప్పాలి.

ఒక చిన్న చిట్కా. టేపు ఎక్కడానికి అప్పట్లో ఎంతసేపు పట్టేదో వేషంలోనూ అంతే పడుతుంది. ‘-నోథ్రాటిల్’ అంటే పగ్గం వదిలేస్తుంది, గబగబా అయిపోతుంది. అయ్యాక మళ్లీ పగ్గం వెయ్యడం మర్చిపోకండి.

ఇన్ని ఆప్షన్లు ప్రతిసారీ టైపు చెయ్యాలా అంటే, అక్కర్లేదు. ‘-క్రియేట్‌కాన్ఫిగ్’ అని ఒక్కసారి అంటే ‘మేమ్’ పేరుతో ఒక సెట్టింగుల ఫైలు రాస్తుంది. అందులో మార్చిపెట్టినవి అన్ని యంత్రాలకీ వర్తిస్తాయి. ఒక్క బీబీసీకే కావలసినవి ఆ యంత్రం పేరుతో వేరే ఫైలులో రాసుకోవచ్చు. రెండింటికీ తేడా వస్తే యంత్రం ఫైలుదే మాట. ఇద్దరికీ పైన, అప్పటికప్పుడు మనం టైపు చేసింది. ఊరి కట్టుబాటు ఒకటి, ఇంటి పద్ధతి ఒకటి, ఎదురుగా నిలబడి అమ్మ చెప్పిన మాట ఒకటి. చివరికి ఏది నెగ్గుతుందో మీకు తెలుసు. ఏది ఎలా ఉందో అనుమానం వస్తే ‘-షోకాన్ఫిగ్’ అడగండి, అన్నీ చెప్తుంది.

ఇవన్నీ సర్దుకున్నాక, ఒక రాత్రి నోటుబుక్కు ముందు పెట్టుకుని ఎనిమిది లైన్లూ అక్షరం మార్చకుండా టైపు చేశాను. ‘రన్’ కొట్టాను. పన్నెండు, నలభై, ఒకటి, తొమ్మిది వందలు. యాభయ్యో లైనులో తప్పుంది.

నమ్మండి, నాకు ఎంత సంతోషమయిందో! ముప్ఫై ఏళ్లు దాటాక అదే యంత్రం, అదే లైను, అదే తిట్టు. వేషం అంత బాగా కట్టింది. ఈసారి "లెగు" అనేవాళ్లు ఎవరూ లేరు. గంటసేపు చూశాను. యాభయ్యో లైనులో నేను మొత్తానికి ‘టోటల్’ అని పేరు పెట్టాను, పెద్దక్షరాల్లో. ఇంగ్లీషులో దాని మొదటి రెండక్షరాలు టీ, ఓ. ఆ రెండూ కలిస్తే బేసిక్ భాషలో ‘టూ’ అనే సొంత మాట, ఒకటి నుంచి పది దాకా అని చెప్పేటప్పుడు వాడేది. యంత్రం నా పేరులోంచి తన మాట లాక్కుని, మిగిలిన ‘టాల్’ ఏమిటో అర్థం కాక ఆగిపోయేది. చిన్నక్షరాల్లో రాసి ఉంటే ఏ గొడవా లేదు. మార్చాను. కొట్టాను.

4061.64.

పట్టీలో ఉన్నది 3956 రూపాయల 88 పైసలు. తేడా 104 రూపాయల 76 పైసలు. ఎక్కడ పోయిందో కూడా అదే ప్రోగ్రాంతో తేలింది. తరుగు కిలో బదులు రెండు కిలోలు ఇచ్చి చూస్తే, పట్టీలో ఉన్న అంకె పైసతో సహా వచ్చింది. అంటే తరుగు రెండుసార్లు కోశారు. 480 కిలోలకి 468 కట్టాల్సింది 456కి కట్టారు. కావాలని చేశారో, పొరపాటో ఇప్పుడు ఎవరం చెప్పలేం. ఆ ఏడు నా పరీక్ష ఫీజుకి మా నాయన చేబదులు తెచ్చాడు. "ఏదో తగ్గినట్టుందిరా" అన్న ఆయన నోటి లెక్క నిజమే. ఆ మాట చెప్పడానికి ఇప్పుడు నాయన లేడు. కరెంటు పోలేదు నాయనా, టైమయిపోయింది. ఆ నిజం ఇవాళ మీ అందరి ముందు చెప్పుకుంటున్నాను.

ఇంకో సంగతి. ఆ బీబీసీ బేసిక్ భాష రాసిన సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఆ ఏకార్న్ కంపెనీలోనే ‘ఆర్మ్’ అనే ప్రాసెసర్ తయారుచేశారు. మొదటి చిప్పు 1985లో వచ్చింది. దాని ఆజ్ఞలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆవిడ ముందు బీబీసీ బేసిక్‌లోనే రాసి పరీక్షించుకున్నారు. ఇవాళ మనందరి జేబుల్లో ఉన్న సెల్‌ఫోన్లు ఆ వంశానివే. మేం ఒంగోలులో చెప్పులు విప్పి ముట్టుకున్న ఆ యంత్రానికీ, మీ ఫోనుకీ అంత దగ్గర చుట్టరికం. తేడా అల్లా, వాళ్ల దగ్గర యంత్రానికి తాళం లేదు.

అందుకే సంఘానికి నా విన్నపం ఒకటి. మన బడికి కొత్త కంప్యూటర్లు ఇస్తామని చాలామంది ముందుకొచ్చారు, సంతోషం. ఇవ్వండి. ఇచ్చాక గదికి తాళం వెయ్యకుండా చూడండి. ఉన్న పాత కంప్యూటర్లు కూడా తీసేయకండి. ముప్ఫై రెండు కిలోబైట్ల వేషం కట్టడానికి అవి చాలు. ముప్ఫైమంది ఒకేసారి కూర్చుంటే చెవులు పోకుండా ‘-సౌండ్ నన్’ అని పెట్టండి. చిన్నపిల్లలకి మొదటి ఆజ్ఞ దానంతటదే టైపు అయ్యేటట్టు ‘-ఆటోబూట్_కమాండ్’ పెట్టండి. ఎనిమిదో తరగతి నుంచి మాత్రం ఏదీ దానంతటదే కానివ్వకండి. వాళ్లనే టైపు చెయ్యనివ్వండి, తప్పులు చెయ్యనివ్వండి. ఆప్షన్లు ఎందుకు నేర్పాలంటే, నేను చెప్పిందే యంత్రం చేసింది, నేను చెప్పనిది చెయ్యలేదు అని పిల్లవాడికి తెలుస్తుంది. తప్పు ఎక్కడుందో వెతకడానికి భయం పోతుంది. అది లెక్కల్లోనూ పనికొస్తుంది, పట్టీ చూసుకోవడంలోనూ పనికొస్తుంది.

నేను ప్రతి శనివారం మధ్యాహ్నం వస్తాను. సెట్టింగుల ఫైళ్లన్నీ రాసి పెట్టాను, ఒక పెన్‌డ్రైవ్‌లో ప్రధానోపాధ్యాయుల వారికి ఇచ్చాను. మీ ఇళ్లల్లో అలాంటి క్యాసెట్లు, నోటుబుక్కులు ఉంటే పారెయ్యకండి, తీసుకురండి. మాస్టారూ, మొదటి శనివారం మీరు రావాలి. ఐదో ముక్క బాకీ ఉంది.

నాకిచ్చిన పది నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. లెగు అని ఎవరూ అనలేదు.